వెలుగుకు గండి పడే చోటు



ఇప్పుడు టీవీ దుకాణానికి వెళ్తే చాలా పెట్టెల మీద క్యూఎల్ఈడీ అని రాసి ఉంటుంది. ధర ఎందుకు ఎక్కువ అని అడిగితే, రంగులు బాగుంటాయండీ అంటారు. నిజమే, బాగుంటాయి. ఆ రంగులు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఇలాంటి టీవీల్లో చాలావాటికి తెర వెనకాల నీలం రంగు ఎల్ఈడీ దీపాలుంటాయి. ఆ దీపాలకూ తెరకూ మధ్య ఒక పల్చటి పొర ఉంటుంది. ఆ పొర నిండా కంటికి ఆననంత చిన్న స్ఫటికాలు. వాటినే క్వాంటమ్ డాట్లు అంటారు. నీలం కాంతి వచ్చి వాటి మీద పడుతుంది. కొన్ని స్ఫటికాలు దాన్ని మింగి ఎర్రటి కాంతి వదుల్తాయి. కొన్ని పచ్చటి కాంతి వదుల్తాయి. మింగకుండా మిగిలిన నీలం అలాగే బయటికొస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం. ఈ మూడింటితోనే తెర మీద మనం చూసే రంగులన్నీ తయారవుతాయి.

నీలం లోపలికి వెళ్లింది. ఎరుపు బయటికొచ్చింది. మధ్యలో స్ఫటికం లోపల ఏం జరిగింది? ఇవాళ మీతో ఆ సంగతే మాట్లాడతాను. రెప్పపాటులో కోట్ల సార్లు జరిగిపోయే పని అది. అయినా దాన్ని మనుషులు అడుగడుగునా కొలిచారు.

ముందే ఒక మాట చెప్పి పెడతాను. మధ్య మధ్యలో మళ్లీ చెప్తాను. స్ఫటికం సైజును బట్టి రంగు ఉంటుంది. స్ఫటికం అంచును బట్టి వెలుగు ఉంటుంది. ఏ రంగు రావాలో సైజు చెప్తుంది. ఆ రంగు అసలు బయటికి వస్తుందా రాదా అన్నది అంచు చెప్తుంది.

ముందు రంగు సంగతి చూద్దాం.

ఈ స్ఫటికాలు అర్ధవాహకాలు. అంటే రాగి తీగలా కరెంటును ధారాళంగా పోనివ్వవు, పింగాణీలా పూర్తిగా ఆపెయ్యవు. కాడ్మియం సెలినైడ్ అనే పదార్థం తీసుకుందాం. ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువ పరీక్షలకు నిలిచింది అదే. అందులో ఎలక్ట్రాన్లు మామూలుగా కింది శక్తి స్థాయిలో నిండుగా ఉంటాయి. పైన ఇంకో స్థాయి ఖాళీగా ఉంటుంది. రెంటికీ మధ్య కొంత ఎడం. ఆ ఎడంలో ఎలక్ట్రాన్ నిలబడటానికి చోటు లేదు. తగినంత శక్తి ఉన్న కాంతి పడితే, ఎలక్ట్రాన్ ఒక్కసారిగా పై స్థాయికి చేరుతుంది.

ఎలక్ట్రాన్ పైకి వెళ్లింది కదా. అది వదిలేసిన చోటు కింద ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీని హోల్ అంటారు. పక్కనున్న ఎలక్ట్రాన్ వచ్చి ఆ ఖాళీని నింపితే, ఖాళీ పక్కకు జరుగుతుంది. అలా హోల్ కూడా కదుల్తుంది. ధన విద్యుదావేశం ఉన్న కణంలాగే నడుచుకుంటుంది. కాబట్టి కాంతి పడగానే స్ఫటికంలో ఇద్దరు పుడతారు. ఒకటి ఎలక్ట్రాన్, ఒకటి హోల్. ఇవే ఆవేశ వాహకాలు. ఒకటి రుణం, ఒకటి ధనం కాబట్టి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఈ జత మళ్లీ కలిస్తే, మధ్యనున్న ఎడం ఎంతో అంత శక్తి కాంతిగా బయటికి వస్తుంది.

ఇంత చిన్న శక్తులను ఎలక్ట్రాన్ వోల్టుల్లో కొలుస్తారు. కాడ్మియం సెలినైడ్ పెద్ద ముక్కలో ఈ ఎడం 1.74 ఎలక్ట్రాన్ వోల్టులు. అది కంటికి కనపడీ కనపడని ముదురు ఎరుపు. ఆ పెద్ద ముక్కలో ఎలక్ట్రాన్, హోల్ జతగా తిరిగేటప్పుడు వాటి మధ్య సుమారు ఐదారు నానోమీటర్ల దూరం ఉంటుంది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. మరి స్ఫటికాన్నే మూడు నాలుగు నానోమీటర్లకు కుదించేస్తే? ఆ జతకు చాలినంత చోటు దొరకదు. ఇరుకైన చోట బంధించిన ఎలక్ట్రాన్‌కు శక్తి పెరుగుతుంది. ఇది క్వాంటమ్ నియమం. ఎంత ఇరుకైతే అంత శక్తి. ఎడం పెరుగుతుంది, రంగు ఎరుపు నుంచి నీలం వైపు జరుగుతుంది. సుమారు ఆరు నానోమీటర్ల స్ఫటికం ఎరుపునిస్తుంది. రెండు నానోమీటర్లది నీలాన్నిస్తుంది. పదార్థం అదే. మారింది సైజు ఒక్కటే.

ఈ సంగతి రెండు దేశాల్లో, ఒకరి పని ఒకరికి తెలియకుండా బయటపడింది. లెనిన్‌గ్రాడ్‌లోని వావిలోవ్ ఆప్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో అలెక్సీ ఎకిమోవ్ రంగు గాజుల మీద పనిచేసేవారు. గాజులో కాపర్ క్లోరైడ్ కలిపి, 500 నుంచి 700 డిగ్రీల వేడిలో పెట్టారు. కొన్ని నమూనాలను గంటసేపు, కొన్నిటిని 96 గంటల దాకా. గాజు లోపల కాపర్ క్లోరైడ్ చిన్న చిన్న స్ఫటికాలుగా పేరుకుంది. స్ఫటికం చిన్నదయ్యేకొద్దీ అది మింగే కాంతి నీలం వైపు జరిగింది. 1981లో ఈ ఫలితం ఒక సోవియట్ పత్రికలో వచ్చింది.

అమెరికాలో బెల్ లాబొరేటరీస్‌లో ఉన్న లూయీ బ్రూస్‌కు ఆ సంగతి తెలియదు. ఆయన వెతుకుతున్నదే వేరు. కాడ్మియం సల్ఫైడ్ కణాలను ద్రావణంలో ఉంచి, ఎండ శక్తితో రసాయన చర్యలు జరిపించాలని ఆయన ప్రయత్నం. కణాలను చిన్నవిగా చేస్తే అంచు ఎక్కువ దొరుకుతుంది. రసాయన చర్య జరిగేది ఆ అంచు మీదే. ఒకసారి ద్రావణాన్ని బల్ల మీద కొంతకాలం అలాగే వదిలేశారు. తర్వాత చూస్తే అది కాంతిని మింగే తీరు మారిపోయింది. కణాలు పెరిగి ఉంటాయని అనుమానం వచ్చింది. అప్పుడే చేసిన చిన్న కణాలను పక్కన పెట్టి పోల్చారు. అనుమానం నిజమైంది. ఆ ఫలితం 1983లో అచ్చయింది.

కానీ అప్పట్లో ఒక్కో కణం ఒక్కో సైజులో వచ్చేది. 1993లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో మౌంగీ బవెండీ బృందం దారి చూపింది. బాగా కాగిన ద్రావకంలోకి రసాయనాలను ఒక్క ఊపులో చిమ్మాలి. స్ఫటికాల విత్తులన్నీ ఒకేసారి పుడతాయి. తర్వాత వేడిని అదుపులో పెడితే అన్నీ దాదాపు ఒకే సైజుకు పెరుగుతాయి. ఈ ముగ్గురికీ కలిపి 2023లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. పత్రికలన్నీ అప్పుడు రంగురంగుల సీసాల బొమ్మలు వేశాయి. సైజు మారితే రంగు మారుతుందని రాశాయి. సంతోషమే. కానీ ఆ కథలో రెండో సగం చాలా మందికి చేరలేదని నాకనిపిస్తుంది. ఆ రెండో సగం అంచుది.

అక్కడికే వస్తున్నాను.

టీవీలోని నీలం కాంతి కణం శక్తి సుమారు 2.75 ఎలక్ట్రాన్ వోల్టులు. అది ఒక ఎర్ర స్ఫటికం మీద పడిందనుకోండి. ఆ స్ఫటికానికి కావలసింది 1.97 మాత్రమే. ఎక్కువైన శక్తి ఎలక్ట్రాన్, హోల్ దగ్గర ఉండిపోతుంది. రెండూ వేడి మీద ఉంటాయి. ఆ వేడిని వదిలి, తమ తమ స్థాయుల్లో అట్టడుగుకు దిగుతాయి. ఎంతసేపట్లో? ఒక పికోసెకనులోపే. సెకనును లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం పికోసెకను.

ఇక్కడ సిద్ధాంతవేత్తలు మొదట వేరేగా అనుకున్నారు. ఇంత చిన్న స్ఫటికంలో శక్తి స్థాయులు దూరదూరంగా ఉంటాయి కదా, ఎలక్ట్రాన్ వేడిని వదలడం కష్టమవుతుంది, పైనే ఆగిపోతుంది అని వాళ్ల లెక్క. కొలిచి చూస్తే అలా లేదు. ఎలక్ట్రాన్ తన అదనపు శక్తిని హోల్‌కు అందిస్తోంది. హోల్ స్థాయులు దగ్గర దగ్గరగా ఉంటాయి. అందుకని హోల్ ఆ శక్తిని సులువుగా వేడిగా వదిలేస్తోంది. ఒకదాని భారం ఇంకొకటి మోసి దించుతోందన్నమాట. ఈ పరిశోధనలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

సరే. జత చల్లబడి అడుక్కు దిగింది. ఇక రెండూ కలిసి ఎర్ర కాంతి ఇవ్వాలి. దానికి పట్టే కాలం సగటున సుమారు 20 నానోసెకన్లు. సెకనులో వంద కోట్లవ వంతు ఒక నానోసెకను. మనకు అది లెక్కలోకే రాదు. కానీ దిగడానికి పట్టిన పికోసెకనుతో పోలిస్తే ఇది 20 వేల రెట్లు ఎక్కువ. అంటే ఆ జత చాలాసేపు ఊరికే ఎదురుచూస్తూ ఉంటుంది. ఆ ఎదురుచూసే సమయంలోనే ప్రమాదమంతా ఉంది.

వరి పండించే శ్రోతలకు ఈ ప్రమాదం బాగా తెలుసు. మీరు మడికి నీళ్లు పెట్టారు. నీళ్లు మడిలో నిలవాలి. గట్టుకు ఎక్కడో ఎలుక బొరియ ఉంది, లేదా ఎండ్రకాయ బొరియ ఉంది. పొద్దున వెళ్లి చూస్తే మడి ఎండి ఉంటుంది. మోటారు బాగానే ఆడింది. నీళ్లు బాగానే పారాయి. కానీ నీటికి వేరే దారి దొరికింది. ఆ దారి వేగంగా లాగేసింది. స్ఫటికంలోనూ ఇదే జరుగుతుంది. కాంతి బాగానే పడింది. జత బాగానే పుట్టింది. కానీ అంచులో బొరియ ఉంటే జతలో ఒకటి అందులో పడిపోతుంది. దాని శక్తి వేడిగా పోతుంది. వెలుగు రాదు.

స్ఫటికానికి బొరియలేమిటి అంటారా? లోపలి పరమాణువుకు నాలుగు వైపులా తోడు ఉంటుంది. దాని బంధాలన్నీ ఎక్కడో ఒకచోట ముడిపడి ఉంటాయి. అంచున ఉన్న పరమాణువుకు అలా కాదు. ఒకటో రెండో బంధాలు పట్టుకోవడానికి ఏమీ లేక మిగిలిపోతాయి. అలా మిగిలిన బంధం వల్ల, ఎలక్ట్రాన్ నిలబడకూడని ఆ ఎడంలో ఒక కొత్త చోటు పుడుతుంది. అదే బొరియ.

ఇంకో మాట. చిన్న మడికి గట్టు ఎక్కువ. ఎకరం మడికీ సెంటు నారుమడికీ గట్టు కొలిచి చూడండి. ఎకరంలో సెంటు నూరో వంతు. కానీ గట్టు పొడవు నూరో వంతుకు తగ్గదు, పదో వంతుకే తగ్గుతుంది. అంటే ఉన్న నేలతో పోలిస్తే నారుమడి గట్టు పదింతలు ఎక్కువ. బొరియలు పడే చోటు కూడా పదింతలు ఎక్కువ. మూడు నానోమీటర్ల కాడ్మియం సెలినైడ్ స్ఫటికంలో మొత్తం పరమాణువులు ఐదు వందల చిల్లర. వాటిలో దాదాపు సగం అంచునే ఉంటాయి! పెద్ద ముక్కలో అంచు లెక్కలోకే రాదు. ఇక్కడ స్ఫటికంలో సగం అంచే. అందుకే చెప్తున్నాను. రంగు సైజులో ఉంది. వెలుగు అంచులో ఉంది. సైజు తగ్గించి మంచి రంగు తెచ్చుకున్నాం. కానీ సైజు తగ్గించినప్పుడే అంచును పెంచేశాం.

చిన్న లెక్క వేద్దాం. జత కలిసి వెలుగివ్వడానికి 20 నానోసెకన్లు పడుతుంది. అంచులో బొరియ ఒక్క నానోసెకనులో లాగేస్తుంది అనుకుందాం. అప్పుడు 21 జతలు పుడితే 20 బొరియలో పోతాయి. ఒక్కటే వెలుగిస్తుంది. బొరియను పూర్తిగా పూడ్చలేకపోయినా పర్లేదు. అది లాగే వేగాన్ని తగ్గిస్తే చాలు. రెండు వేల నానోసెకన్లు పట్టేలా చేశామనుకోండి, వంద జతల్లో 99 వెలుగిస్తాయి. మడి విషయంలోనూ అంతే కదా. చెమ్మ కారినా ఫరవాలేదు, ధార కట్టకపోతే చాలు.

ఇదంతా ఎలా కొలిచారని మీకు సందేహం రావచ్చు. పికోసెకనును కొలిచే గడియారం ఉండదు. కానీ కాంతి వేగం మనకు తెలుసు. ఒక నానోసెకనులో కాంతి 30 సెంటీమీటర్లు పోతుంది. ఒక పికోసెకనులో మిల్లీమీటరులో మూడు పదోవంతులు పోతుంది. కాబట్టి కాలాన్ని దూరంగా మార్చేస్తారు. లేజర్ నుంచి రెండు అతి చిన్న మెరుపులు పంపుతారు. మొదటి మెరుపు జతను పుట్టిస్తుంది. రెండో మెరుపు వెనకే వచ్చి, జత ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చూసి పోతుంది. రెండో మెరుపు దారిలో ఒక అద్దం ఉంటుంది. అద్దాన్ని మిల్లీమీటరులో ఏడో వంతు వెనక్కి జరిపితే, కాంతి వెళ్లి రావడానికి ఒక పికోసెకను ఆలస్యమవుతుంది. అలా అద్దాన్ని కొద్దికొద్దిగా జరుపుతూ, ఒక్కో క్షణంలో జత స్థితిని నమోదు చేస్తారు. అణువుల్లో చర్యలను ఈ పద్ధతిలో చూసినందుకే ఈజిప్టులో పుట్టిన అహ్మద్ జెవైల్‌కు 1999లో నోబెల్ వచ్చింది. మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలోనూ ఇలాంటి లేజర్లతో నానోస్ఫటికాలను పరిశీలిస్తున్నారు.

ఇక బొరియలు పూడ్చే పని.

మొదటి పూత నూనె లాంటిది. ఒలియిక్ ఆమ్లం అని ఒకటుంది. మన వేరుశనగ నూనెలో దండిగా ఉండేదే. దాని అణువుకు ఒక చివర స్ఫటికం అంచును పట్టుకునే గుణం ఉంది. రెండో చివర పొడుగాటి తోక. ఇలాంటి అణువులు స్ఫటికం చుట్టూ అల్లుకుంటాయి. తోడు లేని బంధాలను కొంత నింపుతాయి. కానీ ఈ పూత నిలకడ లేనిది. అణువులు వచ్చిపోతూ ఉంటాయి. ఒకటి ఊడిన చోట బొరియ మళ్లీ తెరుచుకుంటుంది.

అసలైన మెరుగు 1996లో వచ్చింది. షికాగో విశ్వవిద్యాలయంలో హైన్స్, గియో సియోనెస్ట్ అనే ఇద్దరు, కాడ్మియం సెలినైడ్ స్ఫటికం చుట్టూ జింక్ సల్ఫైడ్‌తో ఇంకో పొర కట్టారు. గట్టుకు లోపలి వైపు బంకమట్టి మెత్తినట్టు. జింక్ సల్ఫైడ్‌లో శక్తి ఎడం చాలా ఎక్కువ. లోపలి ఎలక్ట్రాన్‌కూ హోల్‌కూ ఆ పొరలోకి అడుగుపెట్టే శక్తి చాలదు. అందుకని అవి బయటి అంచు దాకా పోలేవు. బొరియలు బయటి అంచున ఉన్నా వాటి జోలికి వెళ్లవు. ఆ ఒక్క పొరతో, మింగిన కాంతి కణాల్లో సగం మళ్లీ కాంతిగా బయటికొచ్చాయి. గది వేడిలోనే, ద్రావణంలోనే. అప్పటికి అది చాలా పెద్ద మాట.

అయితే ఎంత మెత్తితే అంత మంచిది అనుకోకూడదు. జింక్ సల్ఫైడ్‌లో పరమాణువుల మధ్య దూరం తక్కువ. లోపలి స్ఫటికంలో దూరం ఎక్కువ. తేడా పది పన్నెండు శాతం ఉంటుంది. పొర మందమయ్యేకొద్దీ ఆ తేడా ఒత్తిడిగా పేరుకుంటుంది. చివరికి పొరలోనే లోపాలు పుడతాయి. మందంగా మెత్తిన మట్టి బీటలు వారినట్టే. అందుకని మధ్యలో కాడ్మియం సల్ఫైడ్ గానీ జింక్ సెలినైడ్ గానీ పొరగా కట్టి, తేడాను మెల్లమెల్లగా సర్దుతారు. ఈ పనిలో ఎంత నేర్పు వచ్చిందంటే, 2019లో స్టాన్‌ఫర్డ్, బర్కిలీ శాస్త్రవేత్తలు కలిసి కొలిచిన కొన్ని స్ఫటికాల్లో 99.6 శాతం వెలుగు బయటికొచ్చింది. అంత కచ్చితంగా కొలవడానికి వాళ్లు వెలుగుతో పాటు, పోయిన వేడినీ కొలిచే పద్ధతి తయారు చేశారు. వెలుగు ఎంత వచ్చిందో చూడటం కన్నా, వేడి ఎంత తక్కువ పోయిందో చూడటం అక్కడ నమ్మకమైన దారి అయ్యింది.

మరి అంచు బాగుచేస్తే అంతా బాగైపోయినట్టేనా? కాదు. ఇంకో చిక్కు ఉంది. ఒకే స్ఫటికంలో ఒకేసారి రెండు జతలు పుడితే ఏమవుతుంది? మొదటి జత కలిసినప్పుడు వచ్చే శక్తి కాంతిగా బయటికి పోకుండా, పక్కనున్న ఎలక్ట్రాన్‌కో హోల్‌కో అందిపోతుంది. అది పైకెక్కి మళ్లీ వేడిగా దిగుతుంది. వెలుగు పోయింది. దీన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త పియేర్ ఓజే పేరుతో పిలుస్తారు. నిజానికి ఇలాంటి ప్రక్రియను పరమాణువుల్లో ఆయనకన్నా ముందు, 1922లోనే, భౌతిక శాస్త్రవేత్త లీజ మైట్నర్ ప్రకటించారు. ఆ పేరు కూడా మనం తలుచుకోవాలి. ఈ ప్రక్రియ జరగడానికి కొన్ని పికోసెకన్ల నుంచి కొన్ని వందల పికోసెకన్లు పడుతుంది. స్ఫటికం ఎంత చిన్నదైతే అంత త్వరగా జరుగుతుంది. 20 నానోసెకన్లు ఓపిక పట్టే వెలుగు దీని ముందు నిలవలేదు.

దీని వల్లే ఒక వింత కనిపిస్తుంది. 1996లోనే, ఒక్కొక్క స్ఫటికాన్ని విడిగా సూక్ష్మదర్శినిలో చూశారు. దీపం నిలకడగా వెలుగుతూ ఉన్నా, స్ఫటికం వెలుగుతూ ఆరుతూ కనిపించింది. కాసేపు వెలుగు. కాసేపు చీకటి. మళ్లీ వెలుగు. ఆ చీకటి ఒక్కోసారి రెప్పపాటు కన్నా తక్కువ, ఒక్కోసారి నిమిషం దాకా. మరుసటి ఏడాది ఎఫ్రోస్, రోజెన్ అనే శాస్త్రవేత్తలు ఒక కారణం చెప్పారు. అప్పుడప్పుడు ఒక ఎలక్ట్రాన్ గానీ హోల్ గానీ స్ఫటికం దాటి బయట చిక్కుకుపోతుంది. లోపల తోడు లేని ఆవేశం ఒకటి మిగులుతుంది. ఆ తర్వాత పుట్టే ప్రతి జత శక్తినీ ఆ మిగిలినదే తీసేసుకుంటుంది. బయట చిక్కుకున్నది తిరిగొచ్చేదాకా చీకటే. 2008లో ఫ్రాన్స్‌లో, అమెరికాలో లాస్ అలమోస్ జాతీయ ప్రయోగశాలలో, పొరను బాగా మందంగా పెంచి ఈ మిణుకును చాలా వరకు తగ్గించారు. బీటలు వారకుండా అంత మందం కట్టగలిగారు కాబట్టే అది కుదిరింది.

ఇంతసేపూ బొరియను శత్రువులాగా చెప్పాను. కానీ బ్రూస్ గారి ప్రయత్నం గుర్తుంది కదా. ఆయనకు కావలసింది వెలుగు కాదు. అంచు దగ్గర రసాయన చర్య. ఎండను కరెంటుగా మార్చే సౌర ఘటం చేసేవాళ్లకు కూడా వెలుగు అక్కర్లేదు. వాళ్లకు ఎలక్ట్రాన్ బయటికి రావాలి. జత మళ్లీ కలవక ముందే రావాలి. అంటే వాళ్లకు గట్టులో తూము కావాలి. నీళ్లు పోయేది ఇక్కడా గట్టులోంచే. కానీ బొరియ వేరు, తూము వేరు. బొరియలోంచి పోయిన నీరు వృథా. తూములోంచి పోయిన నీరు మనం కోరిన చోటికి చేరుతుంది. కాడ్మియం సెలినైడ్ పక్కన టైటానియం డయాక్సైడ్‌ను ఆనిస్తే ఎలక్ట్రాన్ అందులోకి దాటుతుంది. బాగా ఆనితే ఆ దాటడం పికోసెకన్లలోనే అయిపోతుంది. అది తూము.

ఈ తూముల పనిలో ఒక గొప్ప అడుగు పడింది. బాగా శక్తి ఉన్న కాంతి కణం ఒకటి పడినప్పుడు, వేడిగా పోవలసిన అదనపు శక్తితో ఇంకో జతను పుట్టించవచ్చని లెక్కలు చెప్పాయి. 2004లో లాస్ అలమోస్‌లో షాలర్, క్లిమోవ్ అనే శాస్త్రవేత్తలు లెడ్ సెలినైడ్ స్ఫటికాల్లో అది చూశారు. ఒక కాంతి కణానికి ఒకటి కన్నా ఎక్కువ జతలు. 2011లో అమెరికా పునరుత్పాదక శక్తి జాతీయ ప్రయోగశాలలో ఈ స్ఫటికాలతో ఒక సౌర ఘటం చేశారు. ఒక ప్రత్యేకమైన అతినీలలోహిత కాంతిలో వంద కణాలు పడితే, సుమారు 114 ఎలక్ట్రాన్లు కరెంటుగా బయటికొచ్చాయి. శక్తి కొత్తగా పుట్టలేదు సుమండీ. వేడిగా పోయేదాన్ని కొంత పట్టుకున్నారు, అంతే. కానీ ఎండలో ఆ రంగు కాంతి తక్కువ. అందుకని ఇంటి కప్పు మీద పలకల్లోకి ఇది ఇంకా రాలేదు.

మళ్లీ మన టీవీ దగ్గరికి వద్దాం. కాడ్మియం విషపదార్థం. మూత్రపిండాలకు హాని. ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ వస్తువుల్లో దాన్ని బరువులో 0.01 శాతానికి మించనివ్వదు. అందుకని తయారీదారులు ఇండియం ఫాస్ఫైడ్ వైపు వెళ్లారు. ఇప్పుడు దుకాణంలో మీరు చూసే చాలా టీవీల్లో ఉన్నది అదే. కానీ దాని అంచు ఇంకా పెంకిది. గాలి తగిలితే చాలు, తుప్పు లాంటి ఆక్సైడ్ పొర పడుతుంది. ఆ పొరలోనే బొరియలు. దాని మీద ఎంత మంచి పొర కట్టినా లోపల బొరియలు అలాగే ఉండిపోతాయి. పాచి గీకకుండా మట్టి మెత్తితే నిలవదు కదా. 2019లో సామ్‌సంగ్ పరిశోధకులు ఆ ఆక్సైడ్‌ను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో తొలగించారు. తర్వాత జింక్ సెలినైడ్, ఆ పైన జింక్ సల్ఫైడ్ కట్టారు. మింగిన కాంతి దాదాపు పూర్తిగా తిరిగొచ్చింది. ఆ స్ఫటికాలకు నేరుగా కరెంటు ఇచ్చి ఎర్ర దీపం చేస్తే, పంపిన ప్రతి వంద ఎలక్ట్రాన్లకు 21 కాంతి కణాలు దీపం దాటి బయటికొచ్చాయి. ఇలాంటి పల్చటి దీపాలకు అది చాలా మంచి లెక్క. పుట్టిన కాంతిలో ఎక్కువ భాగం పొరల్లోనే చిక్కుకుపోతుంది మరి.

టీవీ పొరకు రెండు వైపులా తేమనూ గాలినీ ఆపే పలకలు అంటించడానికి కారణం కూడా ఈ అంచే. తేమ చేరితే కట్టిన పొర దెబ్బతింటుంది, వెలుగు తగ్గుతుంది. వేడి కూడా అంతే. టీవీ వెనక గాలి ఆడేలా కాస్త ఎడం వదలమని చెప్పడం అందుకు కూడా పనికొస్తుంది.

ఇప్పుడు ప్రయోగశాలల్లో గట్టి పోరు నీలం స్ఫటికాలతో జరుగుతోంది. నీలం దీపం, నీలాన్ని మింగే పొర, ఈ రెండూ లేకుండా, తెర మీది ప్రతి చుక్కకూ కరెంటు ఇచ్చి మూడు రంగులూ స్ఫటికాలతోనే తెప్పించాలని వాళ్ల ఆశ. ఎరుపు, ఆకుపచ్చ చాలా వరకు దారికొచ్చాయి. నీలం రాలేదు. నీలం కావాలంటే స్ఫటికం చిన్నదిగా ఉండాలి, లేదా ఎడం ఎక్కువున్న పదార్థంతో చెయ్యాలి. చిన్నదైతే అంచు ఎక్కువ. ఎడం ఎక్కువైతే ఆవేశాలను లోపలికి పంపడం కష్టం. సరిగ్గా పంపలేనప్పుడు ఒక ఆవేశం ఎక్కువై లోపల మిగిలిపోతుంది. అప్పుడు ఇందాక చెప్పిన ఓజే ప్రక్రియ మొదలవుతుంది. వెలుగు త్వరగా తగ్గిపోతుంది. కాడ్మియం లేకుండా, ఏళ్ల తరబడి నిలిచే నీలం స్ఫటిక దీపం ఇంట్లోకి రావడానికి, ఆ అంచు మీద ఇంకా చాలా పని మిగిలి ఉంది.